విదేశీ విడిభాగం: గుమ్మం చేరేసరికి ధర ఎంత?

మన బడి పిల్లల ఇళ్ళలో కారు కూడా బదిలీ ఉద్యోగే. అమ్మకో నాన్నకో కొత్త పోస్టింగ్ రాగానే అదీ కొత్త ఊరు చేరుతుంది. పదేళ్ళు తిరిగేసరికి దానికీ వయసు మీద పడుతుంది. అప్పటికి ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉండవచ్చు. "ఈ పార్టు ఇక్కడ దొరకదు సార్" అంటాడు మెకానిక్. ఫోనులో వెతికితే ఏ జపాన్ దుకాణంలోనో అది కనబడుతుంది. ధర చూడగానే "ఇంతేనా!" అనిపిస్తుంది. కానీ తెర మీద కనిపించే ధర వేరు, గుమ్మం చేరేసరికి అయ్యే ధర వేరు.

తెలుగు చెప్పే మాకు ఈ సుంకాల గొడవ ఎందుకని అనుకోకండి. మీలాగే మేమూ ఊళ్ళు మారేవాళ్ళమే. పైగా సుంకం అనే మాట తెలుగునాట చాలా పాతది. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును లాక్కోబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు అందులో మాట ఇచ్చాడు. ఎంత కట్టాలో ముందే తెలిస్తే వర్తకుడికి ధైర్యం. కొనేవాళ్ళకూ అంతే.

నేడు మన దేశంలో ఈ వసూళ్ళకు 1962 నాటి కస్టమ్స్ చట్టం, 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం ఆధారం. టారిఫ్‌లో ప్రతి రకం వస్తువుకూ ఒక సంఖ్య ఉంటుంది. మోటారు వాహనాల విడిభాగాలు చాలావరకు 8708 కిందికి వస్తాయి. అయితే కారుకు బిగించే ప్రతిదీ అక్కడే ఉండదు. కొత్త టైరుది 4011, ఫిల్టరుది 8421, హెడ్‌లైటుది 8512. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువులకు 9804 అనే మరో శీర్షిక ఉంది. సంఖ్య మారితే సుంకం రేటు కూడా మారవచ్చు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. సులువుగా ఉండటానికి మూల సుంకం 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. పార్టు ధర 8,000 రూపాయలు, రవాణా, బీమా కలిపి 2,000.

1. సుంకం పార్టు ధర మీద మాత్రమే కాదు, రవాణా, బీమా కలిపిన విలువ మీద పడుతుంది: 10,000.
2. మూల కస్టమ్స్ సుంకం 10 శాతం: 1,000.
3. సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, ఆ సుంకంలో 10 శాతం: 100.
4. ఈ మొత్తం 11,100. దీని మీద ఐజీఎస్టీ 18 శాతం: 1,998.

పన్నులన్నీ కలిపితే 3,098. "పదీ పద్దెనిమిదీ ఇరవై ఎనిమిది శాతమే కదా" అనుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ సుంకం మీద కూడా పన్ను పడుతోంది. 8,000 అనుకున్న పార్టుకు 13,098 అయింది. కొరియర్ సంస్థ తన సేవా రుసుము వేస్తే అది అదనం. డాలరుకో యెన్‌కో కస్టమ్స్ వాళ్ళు ప్రకటించిన మారకపు రేటే ఇక్కడ చెల్లుతుంది.

రేట్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. వాహన విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. బడ్జెట్ వచ్చినప్పుడు మూల సుంకాలూ మారుతుంటాయి. అందుకని ఆర్డర్ పెట్టే రోజున ఉన్న రేటు చూసుకోవాలి.

కొందరు అడ్డదారి చెబుతారు: "బిల్లులో సగం ధర వేయించండి, బహుమతి అని రాయించండి" అని. రెండూ పనికిరావు. విలువ తప్పుగా చూపిన సరుకును జప్తు చేసి జరిమానా వేసే అధికారం చట్టంలోనే ఉంది. ఇక 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో వచ్చే బహుమతులకు సుంకం మినహాయింపు పోయింది. ప్రాణరక్షక మందులకూ, రాఖీలకూ మాత్రం అది మిగిలింది. బ్రేకు ప్యాడ్లను రాఖీ అనలేం కదా! మన ఇళ్ళలో జీతం ప్రభుత్వ ఖజానా నుంచే వస్తుంది. ఆ ఖజానాకు చేరాల్సింది ఎగ్గొట్టడం మనకు అసలే తగదు.

డబ్బు ఒక్కటే చూస్తే చాలదు, పార్టు సరిపోతుందా అన్నదీ చూడాలి. కారుకు 17 అక్షరాలూ అంకెలూ ఉన్న వీఐఎన్ సంఖ్య ఉంటుంది. సున్నా, ఒకటి అంకెలతో పొరబడకుండా అందులో ఆంగ్ల అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు. ఆ సంఖ్యతో సరిచూసుకున్నాకే పార్టు నంబరు ఖాయం చేయాలి. హెడ్‌లైట్ల విషయంలో మరీ జాగ్రత్త. అమెరికాలో, జర్మనీలో బండ్లు కుడివైపు నడుస్తాయి. అక్కడి లో బీమ్ వెలుగు కుడివైపు ఎక్కువగా పడేలా చేస్తారు. దాన్ని ఇక్కడ బిగిస్తే ఆ వెలుగు ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్ళలో కొడుతుంది. జపాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా మనలాగే ఎడమవైపు నడిచే దేశాలు.

మనలాంటి కుటుంబాలకు ఇంకొక మాట. పార్సెల్ రావడానికి వారాలు పట్టవచ్చు. కొరియర్ వాళ్ళు గుర్తింపు పత్రం, చిరునామా అడుగుతారు. ఈలోగా బదిలీ ఉత్తర్వులు వచ్చి క్వార్టర్ ఖాళీ చేస్తే పెట్టె పాత ఊళ్ళో తిరుగుతుంటుంది. పోస్టింగ్ మారే నెలల్లో ఆర్డర్ పెట్టకపోవడమే మేలు. ఇంకా ముందు, అదే పార్టు మన దేశంలో తయారవుతుందేమో మెకానిక్‌ని అడగాలి.

మీకో లెక్క: పార్టు ధర 4,500, రవాణా, బీమా 1,500. పై రేట్లతోనే మొత్తం ఖర్చు ఎంత? 7,858 రూపాయల 80 పైసలు వస్తే మీ లెక్క సరైనది. ఈసారి ఇంట్లో ఎవరైనా "ఇంతేనా!" అంటే కాగితం, పెన్సిలు తీసుకుని వాళ్ళ పక్కన కూర్చోండి.