అంగారకుని చిత్రములు భూమికి వచ్చు విధము

అంగారక గ్రహముపై తీసిన ఛాయాచిత్రములను మనము పత్రికలలో తరచుగా చూచుచున్నాము. అంత దూరమునుండి ఆ బొమ్మ ఇచ్చటికి ఎట్లు వచ్చినదని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. నిజమునకు బొమ్మ రాదు. వచ్చునవి అంకెలు మాత్రమే. 1965లో జరిగిన యొక యుదంతము వలన దీనిని వివరించెదము.

అమెరికావారి మేరినర్-4 అను నౌక 1964 నవంబరు 28న బయలుదేరి, 1965 జూలై మధ్యలో అంగారకుని సమీపించెను. అది అచ్చట నిలుచుటకు వీలులేదు; గ్రహమును దాటిపోవుచుండగనే చిత్రములు తీయవలెను.

దాని కెమెరాలో ఫిల్ము లేదు. దూరదర్శిని గుండా వచ్చిన వెలుగు ఒక టెలివిజన్ గొట్టపు పలకపై పడును. పడిన వెలుగును బట్టి ఆ పలకపై విద్యుదావేశము హెచ్చుతగ్గు లగును. మనము పుస్తకమును పంక్తి వెంట పంక్తి చదివినట్లు, ఒక ఎలక్ట్రాను కిరణము ఆ పలకను 200 పంక్తులుగా చదువును. పంక్తికి 200 చుక్కల చొప్పున చిత్రమునకు 40,000 చుక్కలు. ప్రతి చుక్క యొక్క వెలుగును 0 మొదలు 63 వరకు గల ఒక అంకెతో గుర్తింతురు. ముగ్గును మోసికొనిపోలేము గాని, ఏ వరుసలో ఎన్ని చుక్కలో చెప్పి పంపినచో పొరుగూరి బాలిక దానిని తన ముంగిట వేయగలదు. ఇదియు నట్టిదే.

ఈ అంకెలను నౌక మొదట అయస్కాంతపు టేపుపై వ్రాసికొని, పిదప రేడియో తరంగములుగా పంపెను. నౌకలోని ప్రసారయంత్రపు శక్తి సుమారు 10 వాట్లు. దూరమో 21 కోట్ల కిలోమీటర్లకు పైబడినది. తరంగములు చేరుటకే 12 నిమిషములు పట్టెను. అంత బలహీనమైన సంకేతమును పొరపాటు లేక గ్రహింపవలెనన్న మెల్లగా పంపవలెను. అందుచే ఒక్కొక్క చిత్రమునకు ఎనిమిది గంటలకు పైగా పట్టెను.

అంతలో టేపుయంత్రము సరిగా పనిచేసినదా యను సందేహము కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ యందలి ఇంజనీర్లను బాధించెను. గణకయంత్రము చిత్రమును సిద్ధపరచువరకు వారు ఆగలేకపోయిరి. అంకెలు అచ్చైన కాగితపు పట్టీలను గోడకు అతికించి, ఏ అంకెకు ఏ రంగో నిర్ణయించుకొని, చేతితో రంగులద్దిరి. క్రమముగా గ్రహపు అంచు రూపుకట్టెను! యంత్రము పనిచేసినది, అంకెలు నిజమైనవి.

చివరకు 21 పూర్తి చిత్రములును, 22వ దానిలో కొంత భాగమును చేరెను. అంగారకునిపై బుద్ధిమంతులైన జీవులు త్రవ్విన కాలువలు కలవని కొందరు చిరకాలము నమ్మియుండిరి. చిత్రములలో కనబడినవి కాలువలు కావు, చంద్రునిపై వలె గుంతలు. మానవుని యూహను ఆ అంకెలు సరిదిద్దెను.

మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించెను. దాని కెమెరాలో గొట్టమునకు బదులు ఒక చిన్న ఎలక్ట్రానిక్ ఫలకము కలదు. దానిపై చుక్కలు 40 లక్షలకు పైబడినవి. అనగా మేరినర్ చిత్రమునకు నూరింతలు. దాని సంకేతములను బెంగుళూరు సమీపమున బ్యాలాలు గ్రామమందలి పెద్ద ఆంటెన్నా గ్రహించెను. సాధనములు మారినను మూలసూత్రము మారలేదు: వెలుగును కొలుచుట, కొలతను అంకెగా మార్చుట, అంకెను తప్పుపోకుండ పంపుట.

గణితపు పుస్తకమునందు అంకెలను చూచి విసుగు చెందు బాలబాలికలు, ఒక లోకము యొక్క రూపమును మనకు తెచ్చినవి ఆ అంకెలే యని గుర్తుంచుకొందురు గాక.