గట్టును ఉపగ్రహం చూపుతుంది, హక్కును సాక్ష్యం నిలుపుతుంది

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో భూమి కొలతకు సుమారు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. మొదటి సాలార్ జంగ్ ప్రధానిగా ఉన్న 1870వ దశకంలో హైదరాబాద్ సంస్థానంలో సర్వే, సెటిల్‌మెంట్ శాఖ ఏర్పడింది. ఆనాటి కొలతకు ఆధారం 33 అడుగుల గొలుసు. పొడవునా వెడల్పునా ఒక్కో గొలుసు పట్టే నేల ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. మన ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున భద్రంగా ఉన్న కాగితాల మీద కనిపించే సేత్వార్, టీపన్, నక్షా అనే మాటలు ఆ గొలుసు కొలతల వారసత్వమే.

తరువాత ఈ నేలకు నీరు వచ్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ ప్రతిభతో మంజీరా నదిపై నిర్మించిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. నీరు, చెరకు కలిసిన చోట ప్రతి గుంటకూ విలువ పెరిగింది. విలువతో పాటు గట్టు తగాదాలూ పెరిగాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది, పట్టణాల చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. తగాదాలు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు గొలుసు స్థానంలోకి డ్రోన్ వస్తున్నది. ఉపగ్రహాల సహాయంతో సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో నేలను కొలుస్తుందని చెబుతున్నారు. ఆ మాట నిజమే. అయితే ఆ ఖచ్చితత్వం దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన సమయమిది.

కాటా మీద తెలిసిన బరువు

మన చేతిలోని ఫోను కూడా ఉపగ్రహాల సంకేతాలతోనే మన స్థానాన్ని చెబుతుంది. అమెరికా వారి జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. సంకేతం అక్కడి నుంచి ఇక్కడికి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కిస్తారు. ఆ కాలంలో సెకనులో వంద కోట్లవ వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. గడియారాల స్వల్ప తేడాలు, సంకేతం వాతావరణం గుండా వచ్చేటప్పుడు కలిగే ఆలస్యం కలిసి, ఫోను చూపే స్థానంలో సాధారణంగా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా ఉంటుంది. దారి వెతుక్కోవడానికి అది చాలు. కానీ నూరు మీటర్ల పొడవున్న గట్టు మూడు మీటర్లు పక్కకు జరిగితే దాదాపు మూడు గుంటల భూమి చేతులు మారినట్లే.

ఈ తేడాను తొలగించే పద్ధతిని రియల్ టైమ్ కైనమాటిక్, క్లుప్తంగా ఆర్‌టీకే అంటారు. చెరకు బండ్లు తూచిన ప్రాంతం మనది కనుక కాటాతో పోల్చి చెప్పుకుందాం. కాటా సరిగా ఉందో లేదో తేల్చాలంటే ముందుగా తెలిసిన బరువును దానిపై పెడతాం. నూరు కిలోల రాయికి అది నూట రెండు చూపితే, ఎక్కువ చూపుతున్నది రెండు కిలోలని తెలుస్తుంది. ఆ తరువాత తూచిన ప్రతి బరువులోనూ రెండు కిలోలు తగ్గించి లెక్క రాసుకుంటాం. ఆర్‌టీకేలో ఆ తెలిసిన బరువు బేస్ స్టేషన్. దాని స్థానం ముందుగానే నిర్ధారితమై ఉంటుంది. ఉపగ్రహాలు చెబుతున్న స్థానానికీ తన అసలు స్థానానికీ ఉన్న తేడాను అది క్షణక్షణం పసిగట్టి, రేడియో ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో డ్రోన్‌కు పంపుతుంది. దగ్గరలో ఎగురుతున్న డ్రోన్‌కు కూడా ఇంచుమించు అదే తేడా వర్తిస్తుంది గనుక, దానిని సవరించుకుంటుంది. దీనితో పాటు సుమారు 19 సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగంలో ఎన్నో వంతు దగ్గర ఉన్నదీ లెక్కించడం వల్ల తప్పు రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఎత్తు విషయంలో మాత్రం తప్పు దాదాపు రెట్టింపు ఉంటుంది. బేస్ స్టేషన్ నుంచి దూరం పెరిగే కొద్దీ ఖచ్చితత్వం తగ్గుతుంది.

అందుకే సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా నిరంతరం పనిచేసే బేస్ స్టేషన్లను నెలకొల్పింది. వీటిని కార్స్ కేంద్రాలంటారు.

డ్రోన్ చూసేది, చూడనిది

సర్వే డ్రోన్ సుమారు నూరు మీటర్ల ఎత్తున, నాగలి చాళ్ల వలె వరుసలు వరుసలుగా ఎగురుతుంది. ప్రతి ఫొటో ముందటి ఫొటోతో డెబ్భై, ఎనభై శాతం కలిసేటట్లు తీస్తుంది. సెకనుకు పది మీటర్ల వేగంతో వెళ్లే డ్రోన్ సెకనులో పదో వంతు కాలంలోనే ఒక మీటరు ముందుకు సాగిపోతుంది. కనుక ఫొటో తీసిన క్షణాన్నీ, ఆ క్షణంలో డ్రోన్ ఉన్న స్థానాన్నీ యంత్రం ఎంతో నిశితంగా జతపరచాలి. తరువాత కంప్యూటరు ఈ వందల ఫొటోలను కూర్చి, ఎక్కడ కొలిచినా సరిపోయే ఒకే చిత్రపటాన్ని తయారుచేస్తుంది.

ఇళ్ల మీదుగా డ్రోన్ ఎగిరితే పరదాకు భంగమని మన ఇళ్లలోని స్త్రీలు ఆందోళన చెందడం సహజం. నిటారుగా కిందికి చూసే ఆ కెమెరాకు, నూరు మీటర్ల ఎత్తు నుంచి, ఫొటోలోని ఒక్కో చుక్క నేల మీద సుమారు మూడు సెంటీమీటర్లకు సమానం. మనిషి తల అడ్డంగా ఏడెనిమిది చుక్కలకు మించదు. ముఖం గుర్తుపట్టడం సాధ్యం కాదు. అయినా ఏ రోజు, ఏ వేళకు ఎగురుతుందో ముందుగా చాటింపు వేయించమని అడగడం మన హక్కు.

డ్రోన్‌కు కనిపించనివి కూడా ఉన్నాయి. మనిషిని మించి పెరిగిన చెరకు తోటలో గట్టు ఆకుల కింద దాగిపోతుంది. మామిడి చెట్ల నీడలోని హద్దురాయి ఫొటోకు అందదు. కోతలు ముగిసిన తరువాత ఎగిరితే కొంత మేలు. మిగిలిన చోట్ల సర్వేయరు రోవర్ అనే కర్ర పరికరాన్ని పట్టుకుని హద్దు దగ్గరకు నడిచి వెళ్లవలసిందే.

అన్నిటికన్నా పెద్ద పరిమితి మరొకటి ఉంది. డ్రోన్ కొలిచేది ఈనాడు నేల మీద ఉన్న గట్టును. ఆ గట్టు ఉండవలసిన చోటనే ఉన్నదా, ఏటేటా నాగలి మొనతో జానెడు జానెడుగా జరిగినదా అన్నది ఆకాశం నుంచి తెలియదు. ఆక్రమించిన గట్టును కూడా యంత్రం అంతే ఖచ్చితంగా కొలిచి చూపుతుంది.

రెండు అనుభవాలు

ఈ విషయంలో నిజామాబాద్ జిల్లాకు పాత అనుభవమే ఉంది. 2000వ దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'భూభారతి' పేరుతో భూముల రీసర్వేకు ఈ జిల్లానే ప్రయోగక్షేత్రంగా ఎంచుకుంది. విమానం నుంచి ఫొటోలు తీశారు, నేల మీద జీపీఎస్ పరికరాలతో కొలిచారు. కానీ ఆ ప్రయోగం రాష్ట్రమంతటికీ విస్తరించలేదు. అదే పేరుతో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చింది. అసలు నక్షాయే లేని 413 గ్రామాలను గుర్తించి, వాటిలో ఐదింటిలో ప్రయోగాత్మకంగా రీసర్వే చేపట్టారు. మహబూబ్‌నగర్ జిల్లా గండీడ్ మండలంలోని సాలార్‌నగర్ వాటిలో ఒకటి.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, కార్స్ కేంద్రాలు, రోవర్లు పెద్ద ఎత్తున వాడారు. పరికరాలకు కొరత లేదు. అయినా ఎందరో రైతులు విస్తీర్ణం తగ్గిందని, పలువురి భూములను కలిపి ఒకే నంబరు కింద చూపారని ఫిర్యాదు చేశారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత గ్రామసభలు పెట్టి ఆ ఫిర్యాదులు స్వీకరించవలసి వచ్చింది. అన్నదమ్ముల మధ్య జరిగిన పంపకం ఏ కాగితం మీదా లేకపోతే, వారి వాటాలను వేరుచేసి చూపడానికి ఏ ఉపగ్రహమూ తోడ్పడదు.

మన కుటుంబాల బాధ్యత

రుణ లావాదేవీకి వ్రాత ఉండాలని, దానికి సాక్షులూ ఉండాలని అల్ బఖరా సూరా 282వ వాక్యం ఆదేశిస్తుంది. వ్రాత ఉన్నంత మాత్రాన సాక్ష్యం అవసరం తీరలేదు. నక్షా కూడా ఒక వ్రాతయే. దానికి సాక్ష్యం చేర్చే బాధ్యత మనది. ఇతరుల భూమిని జానెడైనా అన్యాయంగా కలుపుకోవడం ఎంత ఘోరమో దైవప్రవక్త (సఅసం) హెచ్చరికలు ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక మన ఊరికి సర్వే రాకముందే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల నుంచి ఎందరో సోదరులు గల్ఫ్ దేశాలలో ఉన్నారు. హద్దులు చూపవలసిన రోజున వారు ఊళ్లో ఉండరు. తమ తరఫున నిలబడే వ్యక్తికి చట్టబద్ధమైన అధికార పత్రం ఇచ్చి ఉంచాలి. తండ్రి మరణించి ఏళ్లు గడిచినా వారసత్వం పంచుకోని కుటుంబాలు ముందుగా పంపకం పూర్తిచేసుకోవాలి. స్త్రీలకు నిర్ణయించిన వాటా తక్కువైనా ఎక్కువైనా అది వారి హక్కు. సర్వే రోజున అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్లను కూడా పిలవాలి. వారి పేర్లు లేకుండా కొత్త నక్షా తయారైతే, ఆ అన్యాయం సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో రికార్డుకెక్కుతుంది.

మస్జిద్, ఖబరస్తాన్ కమిటీలు కూడా ఈ తేడాను గుర్తించాలి. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలతో పాటు వాటి స్థానాన్నీ నమోదు చేయాలి. ఫోనుతో గుర్తించిన ఒక్క బిందువు ఖబరస్తాన్ ఎక్కడుందో చెప్పగలదు. దాని నాలుగు హద్దులను చెప్పలేదు. హద్దు మూలలన్నిటినీ ఆర్‌టీకే పరికరంతో కొలిపించి, ఇరుగుపొరుగు రైతుల సమక్షంలో రాళ్లు పాతించి, వారి సంతకాలతో పంచనామా రాయించుకోవడం మేలు.

సర్వే చేసేవారిని మూడు ప్రశ్నలు అడగండి. మీ బేస్ స్టేషన్ ఎక్కడ ఉంది? నేల మీద విడిగా కొలిచిన తనిఖీ బిందువులతో మీ చిత్రపటాన్ని సరిచూశారా? చూస్తే తేడా ఎంత వచ్చింది? నిజాయితీగా పనిచేసిన సర్వేయరు వీటికి సంతోషంగా సమాధానం ఇస్తాడు.

నూరు మీటర్ల గట్టు వెంట అయిదు సెంటీమీటర్ల తేడా అంటే ఆరు గజాల నేల. అంత స్వల్పమైన తేడాను కూడా కొలవగల సాధనం మన కాలానికి లభించింది. పొరుగువాడు కూడా గట్టు మీద నిలబడి "అవును, హద్దు ఇదే" అన్న రోజున ఆ కొలత మన పిల్లలకు తగాదా లేని ఆస్తిగా మిగులుతుంది.