నియమం వెనక ఎవరున్నారో చెప్పే వృత్తి

చైనాలో అడుగుపెట్టే విదేశీ కంపెనీకి చట్టం చెప్పడానికి లాయర్లుంటారు, లెక్కలు చూడటానికి ఆడిటర్లుంటారు. అయినా ఇంకో మనిషి అవసరం పడుతుంది. ఫలానా నియమాన్ని ఏ శాఖ తెచ్చింది, దానివల్ల ఎవరికి లాభం, ఎవరితో మాట్లాడితే సడలుతుంది? ఇవి చెప్పేవాడు సలహాదారు. అమెరికన్ జేమ్స్ మెక్‌గ్రెగర్ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే.

ఆయన మొదట విలేకరి. 1990లో వాల్‌స్ట్రీట్ జర్నల్ చైనా బ్యూరో చీఫ్‌గా బీజింగ్ వెళ్లారు. తర్వాత ఆ పత్రికను నడిపే డౌజోన్స్‌కు చైనా వ్యాపార అధిపతి అయ్యారు. 1996లో అక్కడి అమెరికన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్‌కు ఛైర్మన్‌గా ఉన్నారు. ఆ పైన ఆప్కో వరల్డ్‌వైడ్ అనే సలహా సంస్థలో చైనా విభాగానికి ఛైర్మన్ అయ్యారు. విలేకరి అలవాటు ఈ వృత్తికి బాగా పనికొచ్చిందని నాకనిపిస్తుంది. ప్రకటన చదివి ఊరుకోకుండా, దాని వెనక ఎవరున్నారని అడగడమే కదా రెండు చోట్లా పని.

ఎందుకు అడగాలో 1996 నాటి గొడవ చూస్తే తెలుస్తుంది. డౌజోన్స్, రాయిటర్స్ వంటి సంస్థలు అప్పటికే చైనాలో మార్కెట్ ధరలు, ఆర్థిక వార్తలు అమ్ముతున్నాయి. ఆ ఏడాది జనవరిలో ప్రభుత్వం ఈ వ్యాపారం మీద అజమాయిషీని షిన్హువా (ప్రభుత్వ వార్తా సంస్థ) చేతిలో పెట్టింది. షిన్హువా కూడా వార్తలు అమ్ముకునేదే. అంటే పోటీదారు చేతికే అనుమతులిచ్చే అధికారం వచ్చింది. ఇలాంటప్పుడు ఆ కార్యాలయానికే అర్జీ పెట్టుకుంటే ఫలితం ఉండదు. ఆ సమాచారం లేకపోతే నష్టపోయే చైనా సంస్థలేవో వెతకాలి. తోటి విదేశీ కంపెనీలను కలుపుకోవాలి. సొంత ప్రభుత్వాన్ని కదిలించాలి. చర్చల తర్వాత పట్టు కొంత సడలింది గానీ, 2006లో షిన్హువా కొత్త నిబంధనలతో మళ్లీ బిగించింది. 2008లో అమెరికా, ఐరోపా సమాఖ్య, కెనడా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. అదే ఏడాది నవంబరులో ఒప్పందం కుదిరింది. నియంత్రణను షిన్హువా నుంచి వేరుచేసి మరో సంస్థకు ఇవ్వడానికి చైనా అంగీకరించింది. పన్నెండేళ్లు పట్టింది.

మరో వివాదం టెక్నాలజీ మీద. చాలా రంగాల్లో విదేశీ కంపెనీ ఒంటరిగా ప్రవేశించడానికి వీలుండేది కాదు. జాయింట్ వెంచర్ (స్థానిక భాగస్వామితో పెట్టే ఉమ్మడి సంస్థ) పెట్టాల్సి వచ్చేది. కార్ల తయారీలో విదేశీ వాటా సగం దాటకూడదన్న నియమం చాలాకాలం నడిచింది. బుల్లెట్ రైళ్ల విషయంలో 2004 నుంచి కవాసాకి, సీమెన్స్, ఆల్‌స్టమ్ వంటివి ఆర్డర్లతో పాటు తయారీ విధానాన్ని కూడా ఇవ్వాల్సి వచ్చింది. కొన్నేళ్లకే చైనా కంపెనీలు అదే రంగంలో వాటికి పోటీ అయ్యాయి.

2006లో చైనా స్వదేశీ ఆవిష్కరణలను పెంచే దీర్ఘకాలిక ప్రణాళిక ప్రకటించింది. 2009లో ప్రభుత్వ కొనుగోళ్లను దానితో ముడిపెట్టింది. విదేశీ కంపెనీలు కలవరపడ్డాయి, కానీ పేరు పెట్టి మాట్లాడితే లైసెన్సులు ఆగిపోతాయని భయం. వాటి అభ్యంతరాలను 2010లో మెక్‌గ్రెగర్ అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్ కోసం రాసిన నివేదికలో గట్టిగానే పెట్టారు. కంపెనీ విడిగా అనలేనిది సంఘం తరఫున అనడం ఈ వృత్తిలో అతి విలువైన భాగమని నా అభిప్రాయం. 2011 జనవరిలో వాషింగ్టన్ వచ్చిన అధ్యక్షుడు హు జింటావో, కొనుగోళ్లతో ఆ ముడి విప్పుతామని హామీ ఇచ్చారు.

ఇప్పుడు చిక్కు ఈ వృత్తికే వచ్చింది. 2023 మార్చిలో మింట్జ్ గ్రూప్ అనే పరిశోధన సంస్థ బీజింగ్ కార్యాలయంపై అధికారులు దాడి చేశారు. మే నెలలో క్యాప్‌విజన్ అనే సలహా సంస్థ కార్యాలయాల్లో సోదాలు జరిగాయి. జులై 1 నుంచి సవరించిన గూఢచర్య నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. జాతీయ భద్రతకు, ప్రయోజనాలకు సంబంధించిన పత్రాలు, డేటా కూడా దాని పరిధిలోకి వచ్చాయి. ఏది వాటికి సంబంధించిందో ముందుగా తేల్చుకోవడం కష్టం. దాంతో ఒక సంస్థను కొనే ముందు దాని యజమానులెవరో, అప్పులెంతో ఆరా తీయడం వంటి మామూలు పని కూడా ప్రమాదంలో పడింది. ఆ ఆరా తీసేది ఎక్కువగా స్థానిక ఉద్యోగులే. మింట్జ్ కార్యాలయంలో అదుపులోకి తీసుకున్న ఐదుగురూ చైనా పౌరులే.