పాత ఫోన్ కంపెనీకి తిరిగిద్దామని వెళ్తే...

పోయిన నెల డెస్క్ సొరుగు సర్దుతుంటే నా పాత ఫోన్ దొరికింది. బ్యాటరీ ఉబ్బి వెనక కవర్ పైకి లేచింది. అమ్మ చూసి, "ఒరేయ్, కింద పాత సామాన్ల అతను ఉన్నాడు, యాభై రూపాయలు ఇస్తాడట. ఇచ్చేయనా?" అంది. "వద్దమ్మా, కంపెనీవాళ్లే తీసుకుంటారు" అన్నాను ధీమాగా.

ఆ శనివారం సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. "కొత్తది కొంటే ఎక్స్‌చేంజ్ సార్, ఊరికే తీసుకోం" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. వాళ్ల వెబ్‌సైట్‌లో మాత్రం 'పాత ఫోన్ మాకివ్వండి' అని పెద్ద అక్షరాలతో ఉంది! ఇంటికొచ్చి అసలు రూల్స్ ఏమంటున్నాయో చదివాను.

రూల్ అడిగేది బరువు

మన దేశంలో ఈ-వేస్ట్ నిర్వహణ నిబంధనలు 2022లో వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత రూల్స్‌లో 21 రకాల వస్తువులుంటే వీటిలో 106 ఉన్నాయి. ప్రతి కంపెనీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. గతంలో అమ్మిన సరుకు బరువును బట్టి టార్గెట్ ఉంటుంది: మొదటి రెండేళ్లు 60 శాతం, తర్వాతి రెండేళ్లు 70, 2027-28 నుంచి 80.

ట్విస్ట్ ఇక్కడే. ఆ టార్గెట్ చేరడానికి కంపెనీ నా ఫోన్‌నే వెనక్కి తీసుకోనక్కర్లేదు. రిజిస్టర్ అయిన రీసైక్లర్ దగ్గర ఈపీఆర్ సర్టిఫికెట్లు కొంటే చాలు. అంటే పోర్టల్‌లో లెక్క సరిపోయినా, నా ఫోన్ సొరుగులోనే ఉండొచ్చు. లేదా పాత సామాన్ల బండెక్కి, బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో ముంచే చోటికి, రాగి కోసం వైర్లు తగలబెట్టే చోటికి చేరొచ్చు.

రివ్యూలో కనిపించని స్పెక్

అదే రూల్స్‌లో ఇంకో భాగం రోహెచ్‌ఎస్. సీసం, పాదరసం, హెక్సావాలెంట్ క్రోమియం, ప్లాస్టిక్‌లో మంటలు అంటుకోకుండా కలిపే పీబీబీ, పీబీడీఈ 0.1 శాతం మించకూడదు. కాడ్మియం అయితే 0.01 శాతమే. ఇది ఫోన్ మొత్తం బరువులో కాదు. ఒక సోల్డర్ చుక్క, ఒక వైర్ తొడుగు, ఇలా ఒకే పదార్థంతో ఉన్న ప్రతి భాగానికీ విడిగా లెక్క. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి.

దీనికి రుజువేంటి? యూజర్ మాన్యువల్‌లో కంపెనీ ఇచ్చే సొంత డిక్లరేషన్. సీపీసీబీ మార్కెట్ నుంచి శాంపిల్స్ తీసి టెస్ట్ చేయించొచ్చు, తేడా వస్తే సరుకు వెనక్కి తీసుకోవాలి. కానీ మనం కెమెరాని జూమ్ చేసి చూసినట్టు సోల్డర్‌ని చూడలేం కదా!

కొనేముందు మూడు పనులు

ఒకటి: మాన్యువల్‌లో రోహెచ్‌ఎస్ డిక్లరేషన్, అడ్డగీతలున్న చెత్తడబ్బా గుర్తు ఉన్నాయేమో చూడండి. రెండు: వెబ్‌సైట్‌లోని ఈ-వేస్ట్ పేజీ తెరిచి, ఆ నంబర్‌కి ఒక్కసారి ఫోన్ చేయండి. పాత ఫోన్ ఎక్కడివ్వాలో అడ్రస్ చెప్పారా, లైన్ కట్ చేశారా? మూడు: దాన్ని కూడా రేటింగ్‌లో కలపండి. చార్జింగ్ స్పీడ్‌కి మార్కులేసే మనం దీనికెందుకు వేయం? నా తర్వాతి రివ్యూ నుంచి నేను వేస్తున్నాను.

నా ఫోన్ ఏమైందంటారా? సీపీసీబీ జాబితాలో చూసి, దగ్గర్లోని రీసైక్లర్‌కి ఫోన్ చేశాను. బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పి, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. రసీదు ఇచ్చారు, డబ్బులేమీ రాలేదు. ఆ యాభై రూపాయల గురించి అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.