ఉత్తరాంధ్రలో గోబర్ గ్యాస్

గోబర్ గ్యాస్ లేదా బయోగ్యాస్ అనగా పశువుల పేడ, మురుగునీటి మడ్డి వంటి సేంద్రియ పదార్థములు గాలి చొరబడని తొట్టిలో కుళ్ళినప్పుడు వెలువడే ఇంధన వాయువు. ఇందులో సుమారు 55 నుండి 65 శాతం మీథేన్, 30 నుండి 40 శాతం బొగ్గుపులుసు వాయువు, స్వల్పంగా హైడ్రోజన్ సల్ఫైడు, నీటి ఆవిరి ఉంటాయి. గోబర్ అనే హిందీ మాటకు పేడ అని అర్థం. వరి సాగు, పశుపోషణ కలసి ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఇది అనువైన ఇంధనమే. అయితే అనువు అన్నది ఇంట ఉన్న పశువుల సంఖ్యపై ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

మన దేశంలో 1950ల దశకంలో జష్‌భాయి పటేల్ తేలే ఇనుప డ్రమ్ముతో కూడిన నమూనాను రూపొందించారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దానిని ప్రచారంలోనికి తెచ్చింది. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో ఇనుప డ్రమ్ము త్వరగా తుప్పు పడుతుంది. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో డ్రమ్ము లేదు. ఇటుక, సిమెంటుతో భూమిలో కట్టిన గుమ్మటమే వాయువును నిలువ చేస్తుంది. 1981-82లో కేంద్రప్రభుత్వం జాతీయ బయోగ్యాస్ పథకాన్ని ఆరంభించగా, ఆంధ్రప్రదేశ్‌లో ప్లాంట్ల నిర్మాణాన్ని ప్రోత్సహించిన సంస్థలలో నెడ్‌క్యాప్ ఒకటి.

పేడలోని సారం

ఉత్తరాంధ్రలో పేడను పోగువేసి, గత్తంగా మార్చి, వేసవిలో పొలానికి తోలడం వాడుక. కొంత పేడ పిడకలుగా పొయ్యిలోకి పోతుంది. పిడక కాలినప్పుడు నత్రజని పొగతో పోయి, బూడిదలో పొటాష్, భాస్వరం వంటి ఖనిజాలు మాత్రమే మిగులుతాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేది వేరు. వాయువుగా వెలువడేది ముఖ్యంగా కర్బనం, ఉదజని, ఆమ్లజని. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అంతా బయటకు వచ్చే జారుడు పేడలోనే నిలుస్తాయి. గ్యాస్ తీసిన పేడలో సారముండదని కొందరు రైతులు అనుమానిస్తారు గాని, అది సరి కాదు. సారం పోయేది ఆ తరువాత, మన చేతులలోనే. ఈ ద్రవంలో నత్రజని కొంతభాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది కావున ఎండలో ఆరబెడితే గాలిలో కలసిపోతుంది. తాజాగా నీటితోపాటు మడికి పారించుట, లేదా ఆకులు అలములతో కలిపి గోతిలో మాగవేయుట మేలు. ఉద్దానంలో కొబ్బరిచెట్ల పాదులకూ ఇది పనికివస్తుంది.

ఎన్ని పశువులు కావాలి

ఒక కిలో పేడ నుండి సుమారు 40 లీటర్ల వాయువు వస్తుంది. రోజుకు 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. 5 నుండి 8 మంది వంటకు అది చాలుతుంది. లెక్కప్రకారం నెలకు ఇంచుమించు 26 కిలోల వంటగ్యాస్‌తో, అనగా 14.2 కిలోల సిలిండర్లు రెండింటికి కొంచెం తక్కువతో సమానం.

ఆవు లేక ఎద్దు రోజుకు సుమారు 10 కిలోలు, గేదె 15 కిలోలు పేడ వేస్తాయి. కాని పగలంతా బయట మేసే పశువు పేడలో రాత్రి సాలలో పడినదే ఇంటికి దక్కుతుంది. కావున కాగితంపై ఐదు పశువులు చాలినా, వాస్తవంలో చాలకపోవచ్చు. ట్రాక్టర్లు వచ్చి కాడెద్దులు తగ్గిన ఇళ్ళలో తొట్టికి మేత కరువైంది. పైగా 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాల ద్వారా వంటగ్యాస్ పల్లెలకు చేరింది. రోజూ బిందెలతో నీరు మోసి, పేడ కలిపే శ్రమ ఎక్కువగా స్త్రీలదే. అది తప్పినందుకు వారు సిలిండరు వైపు మొగ్గితే ఆశ్చర్యం లేదు.

పనిచేసే విధానం

పేడను సమానపాళ్ళ నీటితో కలిపి, గడ్డిపరకలు, ఇసుక తీసివేసి తొట్టిలోకి వదులుతారు. అక్కడ ఆమ్లజని అవసరం లేని సూక్ష్మజీవులు ముందు దానిని ఆమ్లాలుగా, తరువాత మీథేనుగా మారుస్తాయి. 35 డిగ్రీల వేడి వాటికి అనుకూలం. పుష్య మాసపు చలిలో, ముఖ్యంగా సీతంపేట వంటి కొండప్రాంతాలలో, వాయువు తగ్గుతుంది. పేడ తొట్టిలో సుమారు 30 రోజులుండాలని లెక్కవేస్తే, 2 ఘనపు మీటర్ల ప్లాంటును మొదట నింపుటకే 1.5 టన్నుల పేడ అవసరం. ఫినాయిలు, సబ్బునీరు పడితే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.

మురుగు మడ్డి

మానవ మలం నుండి వచ్చే వాయువు మనిషికి రోజుకు 30 లీటర్లు మించదు. ఐదుగురున్న ఇంటి మరుగుదొడ్డి ఒక్కటే ఆ ఇంటి వంటకు చాలదు. పేడతో కలిపి వాడుకోవాలి. సెప్టిక్ ట్యాంకు మడ్డి ఏళ్ళ తరబడి అప్పటికే కుళ్ళి ఉండుటచే దాని నుండి వాయువు అంతగా రాదు. లాభం కనిపించేది నగరాల మురుగుశుద్ధి కేంద్రాలలో వచ్చే పచ్చి మడ్డితోనే. చెన్నైలోని కొడుంగైయూరు, పెరుంగుడి కేంద్రాలలో దీని ద్వారా విద్యుత్తు ఉత్పత్తి చేశారు. ఈ మడ్డిలో రోగక్రిములు, భారలోహాలు ఉండవచ్చును కావున పరీక్షించకుండా కూరగాయల మళ్ళకు వేయరాదు.

జాగ్రత్తలు

గాలిలో మీథేన్ 5 నుండి 15 శాతం ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. మొదట వచ్చిన వాయువును వెలిగించక బయటకు వదలివేయాలి. తొట్టిని శుభ్రం చేయుటకు లోపలికి దిగరాదు. ఖాళీ చేసిన తరువాత కూడా అందులో ఆమ్లజని లేక, హైడ్రోజన్ సల్ఫైడు వలన నిమిషాలలో ప్రాణం పోవచ్చును. పడిపోయినవారిని రక్షించబోయి రెండవవారు దిగడం వలన మరణాలు పెరుగుతాయి.