నేల తెలియని కొలత: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉపాధి హామీ కూలీలు

తెనాలి నుండి రేపల్లె మీదుగా బాపట్ల వరకు సాగే దారిలో నేల మూడు సార్లు మారుతుంది. తెనాలి పరిసరాలలో బరువైన నల్లరేగడి, రేపల్లె దిగువన మురుగు సరిగా పోని, ఉప్పు తగిలిన బంకనేల, బాపట్ల తీరాన తేలికపాటి ఇసుక. ఈ మూడింటికీ ఒకే నీటి యాజమాన్యాన్ని సిఫార్సు చేయడానికి ఏ శాస్త్రవేత్తా సాహసించడు. అవే నేలలను పలుగు, పారలతో తవ్వే ఉపాధి కూలీ శ్రమను మాత్రం ఘనపు మీటర్లలో కొలిచి వేతనంగా మారుస్తారు. ఈ ప్రాంతపు కూలీల ఇబ్బందులలో అధిక భాగం అక్కడే మొదలవుతుంది.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన పథకం, మరుసటి సంవత్సరం రెండవ విడతలో గుంటూరు జిల్లాకు విస్తరించింది. బాపట్ల, రేపల్లె అప్పుడు ఆ జిల్లాలోనివే. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి అవి చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకటించిన రోజు వేతనం 307 రూపాయలు. నిర్ణీత పరిమాణంలో పని పూర్తయినపుడు మాత్రమే లభించే మొత్తమిది. ఒక జట్టు తవ్విన మట్టి ఆ పరిమాణంలో 70 శాతమేనని కొలతలో తేలితే, మనిషికి దక్కేది సుమారు 215 రూపాయలు. పత్రికలో చదివిన వేతనం చేతికి రానపుడు, ఎవరో కాజేశారని గ్రామంలో అనుకుంటారు. కూలీలు సరిగా పనిచేయలేదని కార్యాలయంలో అనుకుంటారు. రెండూ కొన్నిచోట్ల నిజమే కావచ్చు. నేల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఫిబ్రవరి నేల, మే నేల

నల్లరేగడిలోని బంకమన్ను తేమ ఎక్కువైతే పారకు అంటుకుంటుంది. తేమ తగ్గితే రాయిలా బిగుసుకుంటుంది. ఈ రెంటి మధ్య పనికి అనువైన పదును ఉండే రోజులు చాలా తక్కువ. వరి కోసిన తరువాత ఫిబ్రవరి వరకు పారకు లొంగిన నేలే, మే నెలలో పలుగుతో పెళ్లగించనిదే కదలదు. డెల్టాలో ఉపాధి పనులు ముమ్మరంగా జరిగేది ఏప్రిల్ నుండి జూన్ వరకే. కాలువలలో పూడిక తీయాలంటే నీరు కట్టివేయాలి, చేలలో గుంటలు తవ్వాలంటే మినుము, మొక్కజొన్న ఇంటికి చేరాలి. నీటి విడుదల, పంటల క్రమం కలిసి కూలీని అత్యంత కఠినమైన నేల మీదికి, అత్యంత కఠినమైన నెలలో పంపుతున్నాయి. పని అంచనాలో నేల తరగతిని చూపే వీలుంది. ఆ రోజు దానిలో ఉన్న తేమను చూపే వీలు లేదు.

రేపల్లె దిగువ ప్రాంతాలలో సమస్య తిరగబడుతుంది. అక్కడి మురుగు కాలువలు వేసవిలోనూ పూర్తిగా ఎండవు. గుర్రపుడెక్క, తూటికాడ తొలగించి, బురదలో దిగి పూడిక తీయాలి. ఘనపు మీటరు పొడి బంకమట్టి సుమారు 1.3 టన్నులు తూగితే, నీటితో నిండినది 1.8 టన్నుల వరకు తూగుతుంది. కొలత పుస్తకంలో రెండూ ఒక ఘనపు మీటరే! తట్ట మోసే స్త్రీ తల మీద మాత్రం ఒకటి కాదు. పైగా కొలతకు ముందే వాన కురిసి గట్టు జారినా, కాలువకు నీరు వదిలినా, చేసిన పనికి ఆనవాలు మిగలదు.

బాపట్ల ఇసుక నేలలలో తవ్వకం తేలికన్నది పాక్షిక సత్యమే. నిటారుగా తవ్విన గుంట పక్కలు ఇసుకలో నిలవవు. జారిన ఇసుకను మరల ఎత్తిపోసిన శ్రమ లెక్కలోకి రాదు. తగినంత వాలు ఇచ్చి గుంటను రూపొందిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఈ తీరంలో ఉప్పునీటి పైన తేలియాడే మంచినీటి పొరను వాడుకొనే దొరువుల పద్ధతి తరతరాలుగా ఉన్నది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం దానిని మెరుగుపరచింది కూడా. నల్లరేగడికి తగిన నమూనా గుంటలను ఇక్కడ తవ్వించడం కంటే ఈ పరిజ్ఞానాన్ని పనుల ప్రణాళికలో చేర్చడం ఉచితం.

ఆ పనుల ఫలం ఎవరి చేలో మిగులుతుందన్నది మరొక ప్రశ్న. డెల్టాలో కూలీ కుటుంబాలు అనేకం కౌలుకు కూడా సాగు చేస్తాయి. పథకం కింద సొంత భూమిలో గుంట తవ్వుకోవాలన్నా, తోట వేసుకోవాలన్నా భూమి హక్కు పత్రం కావాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే పరిమితం, దానికీ యజమాని సమ్మతి అవసరం. కనుక తాము సాగుచేసే చేలో తమ చేతులతో తవ్విన గుంట కూడా వారిది కాదు.

రెండు ఛాయాచిత్రాల మధ్య

వేసవిలో కూలీలు తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే పని ముగించాలనుకుంటారు. ఇది అనుభవం నేర్పిన వేళ. 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధి పనులు మినహా, అన్నిచోట్లా ఎన్.ఎం.ఎం.ఎస్. యాప్‌లో రోజుకు రెండు పర్యాయాలు ఛాయాచిత్రంతో హాజరు నమోదు తప్పనిసరి అయింది. దొంగ మస్టర్లను అరికట్టడం దీని ఉద్దేశం. ఉద్దేశాన్ని తప్పుపట్టనవసరం లేదు. అయితే వేతనం పని పరిమాణాన్ని బట్టి ఇస్తున్నపుడు, పని ముగించిన కూలీని రెండవ చిత్రం కోసం ఎండలో నిలబెట్టడంలో ఔచిత్యమేమిటో బోధపడదు.

రెంటచింతలతో పోలిస్తే తీరప్రాంతపు ఉష్ణోగ్రత తక్కువే. కానీ గాలిలో తేమ అధికమైనపుడు చెమట ఆరదు, శరీరం చల్లబడదు. థర్మామీటరు అంకె ఒక్కటే చూసి బాపట్ల కూలీ సుఖంగా ఉన్నాడనుకోవడం పొరపాటు. గతంలో రాష్ట్రంలో వేసవి భత్యం అమలులో ఉండేది. ఏప్రిల్, మే నెలలలో అది 30 శాతం. అది నిలిచిపోయిన తరువాత ఫిబ్రవరి కొలతే మే నెలకూ వర్తిస్తోంది. నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె పనిస్థలంలో ఉండాలని చట్టం చెప్పింది. చెట్టులేని కాలువ గట్టు మీద నీడ అంటే ఒక టార్పాలిన్ పట్టా. అదీ అన్నిచోట్లా కనిపించదు.

ఆ 60 రోజులు

ఉపాధి పనుల వలన వ్యవసాయానికి కూలీలు కరువయ్యారన్నది రైతు సదస్సులలో తరచు వినిపించే మాట. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా దానిని పరీక్షించకుండానే అంగీకరిస్తూ వచ్చారు. డెల్టాలో పథకపు పనులు అధికంగా జరిగే మే నెలలో వరి చేలలో పని ఏముంటుంది? నాట్లకు, కోతలకు కూలీలు దొరకని మాట నిజమే. అయితే ఆ కొరతకు వలసలు, పట్టణ పనులు, యువత విముఖత వంటి కారణాలు వేరే ఉన్నాయి. కోత యంత్రాలు, వెదజల్లు పద్ధతి వచ్చి కూలీల పనిదినాలనే తగ్గించాయన్నది ఈ వాదంలో రెండవ వైపు.

2025 డిసెంబరులో, పాత చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 100 నుండి 125కు పెంచింది. విత్తు, కోత సమయాలలో సంవత్సరానికి మొత్తం 60 రోజులు పనులు నిలుపుదల చేయాలన్న నిబంధన కూడా అందులో ఉన్నది. ఆ తేదీలను ముందుగా ప్రకటించవలసినది రాష్ట్ర ప్రభుత్వం. ప్రాంతాన్ని బట్టి వేర్వేరు తేదీలు ప్రకటించే వీలూ ఉంది.

తెనాలి వైపు కాలువ నీరు ముందుగా అందుతుంది. రేపల్లె చివరి భూములకు ఆలస్యంగా చేరుతుంది. ఒకే తేదీన అంతటా పనులు నిలిపితే, తెనాలిలో నాట్లు పడుతున్న వారాలలో రేపల్లె కూలీకి చేలో పని ఉండదు, పథకంలోనూ పని ఉండదు. వెదజల్లే గ్రామాలలో అసలు నాట్లే లేవు. అక్కడ ‘నాట్ల విరామం’ స్త్రీలకు ఆదాయం లేని విరామమే. దుక్కి లేని మొక్కజొన్న సాగయ్యే చోట కూలీల అవసరం డిసెంబరు, జనవరిలలో విత్తడానికీ, తిరిగి ఏప్రిల్‌లో కండెలు విరవడానికీ ఉంటుంది. ఖరీఫ్ వరిని మాత్రమే మనసులో పెట్టుకొని గీసిన క్యాలెండరులో ఇది కనిపించదు.

ఏ పంటలో ఏ పనికి ఎకరాకు ఎంతమంది కూలీలు అవసరమో సాగు ఖర్చుల లెక్కలలో ఉన్నది. ఏ కాలువ చివర నాట్లు ఏ వారంలో పడతాయో, ఎక్కడ ఎంత విస్తీర్ణంలో వెదజల్లుతున్నారో ఏరువాక కేంద్రాలవారికీ, కృషి విజ్ఞాన కేంద్రాలవారికీ తెలుసు. ఈ రెండు వివరాలను కలిపి గ్రామాలవారీ పట్టికగా మండల పరిషత్ కార్యాలయానికి అందజేయడానికి, అక్కడి నుండి లేఖ వచ్చేవరకు వేచి ఉండవలసిన అవసరం లేదు.