అండనిధిని గణించు రక్తపరీక్ష

1947 ప్రాంతమున ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడగు ఆల్‌ఫ్రెడ్ జోస్ట్, తల్లి కుందేలు గర్భమందున్న మగపిండముల వృషణములను శస్త్రముచే తొలగించి చూడగా, అవి ఆడ అవయవములతో ఎదిగినవి. వృషణమునకు మారుగా టెస్టోస్టిరోను స్ఫటికమునుంచి చూడగా పురుషనాళములు నిలిచినవి గాని, ఆడపిండమున గర్భాశయముగా పరిణమించు నాళములు మాత్రము అంతరింపలేదు. కావున ఆ నాళములను క్షయింపజేయు ద్రవ్యము మరియొకటి వృషణమున ఉండితీరవలెనని ఆయన నిశ్చయించెను. అది నిజమైనది. ఆ నాళములను పూర్వశతాబ్దమున వర్ణించిన జర్మను పండితుడు యోహానెస్ ముల్లర్ పేరిట దానికి యాంటీ ముల్లేరియన్ హార్మోనను నామము స్థిరపడినది. మగపిండమున బయల్పడిన ఈ ద్రవ్యమే నేడు స్త్రీల రక్తమున కొలువబడి, ఏ.ఎమ్.హెచ్. అను పొట్టిపేరుతో ల్యాబు కాగితములకెక్కి, ఎన్నో ఇండ్ల నిద్రను చెరచుచుండుట విజ్ఞానచరిత్రలోని చిత్రములలో నొకటి.

స్త్రీ రక్తములోనికి ఇది వచ్చు మార్గమును తెలిసికొనిననే దాని అంకెకు అర్థము తెలియును. ఆడశిశువు తల్లికడుపున అయిదవ నెలయందుండగా ఆమె అండాశయములలో 60, 70 లక్షల అండములుండును. పుట్టుసరికి అవి 10 నుండి 20 లక్షలకు, రజస్వలయగు నాటికి 3, 4 లక్షలకు తగ్గును. వానిలో జీవితకాలమున విడుదలయగునవి సుమారు 400 మాత్రమే. తక్కినవన్నియు గర్భము ధరించినను, నిరోధక మాత్రలు మ్రింగినను ఆగక, తమంతట తామే క్షయించుచుండును. ఒక్కొక్క అండమును చుట్టి కణముల పొరలతో పుటిక యొకటి యుండును. నిద్రాణమైయున్న పుటిక మేల్కొని ఎదుగ మొదలిడినది మొదలు, ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్ల పరిమాణమునకు వచ్చువరకు, దాని కణములు ఈ హార్మోనును స్రవించును. కొత్తగా మేల్కొనువాని సంఖ్య మిగిలిన నిధిని అనుసరించియుండును గనుక, రక్తములోని పరిమాణమును బట్టి నిధి ఎంతయో అంచనా వేయవచ్చును. ఇరువది యైదేండ్ల ప్రాయమున అత్యధికమై, క్రమముగా తగ్గి, బహిష్టులు నిలిచిపోవు నాటికి అది కానరాకుండును.

అయితే ఈ పరీక్ష గాదెలో గింజలెన్ని యున్నవో చెప్పగలదు గాని, నాటిన గింజ మొలచునో లేదో చెప్పజాలదు. అండముల నాణ్యమును నిర్ణయించునది ముఖ్యముగా వయస్సు. ముప్పది యైదు దాటిన కొలది అండములలో క్రోమోజోముల సంఖ్య తప్పుట హెచ్చగుచుండును. అందుచే ఇరువది యెనిమిదేండ్ల యువతికి ఏ.ఎమ్.హెచ్. తక్కువగా నుండుటయు, నలువది రెండేండ్ల యామెకు మిక్కుటముగా నుండుటయు, రెండును పైకి తోచు అర్థమును ఇయ్యవు. 2017లో అమెరికాలో ఆన్ స్టైనర్ బృందము ప్రకటించిన పరిశోధన ఇచ్చట స్మరింపదగినది: సంతానలేమి చరిత్ర లేని, 30 నుండి 44 ఏండ్ల మధ్యనున్న సుమారు 750 మంది స్త్రీలను పరిశీలింపగా, ఆరు ఋతుచక్రములలో గర్భము దాల్చు అవకాశము, ఈ హార్మోను తక్కువగా నున్నవారిలో నూటికి 65, తగినంత యున్నవారిలో 62గా తేలినది. తేడా లేదన్నమాట! పెండ్లికి ముందే ఈ పరీక్ష చేయించి, వచ్చిన అంకెను చూచి వధువును తూచబోవువారికి ఈ ఫలితము చూపించిన బాగుండునని నాకు తోచును.

మరి దీని ఉపయోగమెక్కడ? కృత్రిమ ఫలదీకరణమునకు పూనుకొనునపుడు, అండోత్పత్తికై ఇచ్చు సూదిమందుల మోతాదును నిర్ణయించుటకు ఇది మిక్కిలి పనికివచ్చును. అంకె హెచ్చుగా నున్నచో, మందుకు అండాశయములు అతిగా ఉబ్బు ప్రమాదము కలదని వైద్యుడు ముందే జాగ్రత్తపడును. హెచ్చుటయు ఎల్లప్పుడు శుభము కాదు. పీసీఓఎస్ అను అండాశయ రుగ్మత ఉన్నవారిలో చిన్న పుటికలు ఎదుగక నిలిచిపోయి గుమిగూడుటచే ఇది పెరుగును, అండము మాత్రము సకాలమున విడుదల కాదు.

ఏ.ఎమ్.హెచ్.కు నెలలో ఏ దినమైనను రక్తమీయవచ్చును. తక్కిన హార్మోనులలో కొన్నిటికి దినము ముఖ్యము. మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి స్రవించు ఎఫ్.ఎస్.హెచ్.ను బహిష్టు రెండవ లేక మూడవ దినమున, ఈస్ట్రడయోలను హార్మోనుతో గూడ కొలువవలెను. ఏలయన ఈస్ట్రడయోలు ఎక్కువైనచో అది ఎఫ్.ఎస్.హెచ్.ను అణచి, నిజముగా పెరిగిన దానిని మామూలుగా నున్నట్లు చూపును. అండాశయము నీరసించిన కొలది పీయూష గ్రంథి దానిని కదలించుటకై ఎఫ్.ఎస్.హెచ్.ను హెచ్చుగా పంపును, కావున ఏ.ఎమ్.హెచ్. తగ్గుటకును ఎఫ్.ఎస్.హెచ్. పెరుగుటకును సారాంశమొక్కటే. అండము విడుదలైనదా లేదా తెలుపు ప్రొజెస్టిరోనును 21వ దినమున చూడవలెనను మాట వాడుకలోనున్నది. అది 28 దినముల చక్రముగలవారికి మాత్రమే చెల్లును. 35 దినములకొకసారి బహిష్టగు స్త్రీ 28వ దినమున ఈయవలెను, అనగా రాబోవు బహిష్టుకు వారము ముందు. ఈ లెక్క తప్పినందున లేని లోపమునకు మందులు మ్రింగువారు గలరు.

ఈ పరీక్షలతో పాటు చూచు ప్రొలాక్టినను హార్మోను మిక్కిలి చపలమైనది. సూదిభయము, నిద్రనుండి అప్పుడే లేచుట, కడుపు ఉబ్బరమునకో వాంతులకో ఇండ్లలో సులభముగా వాడు డాంపెరిడోన్ మాత్ర, ఇవియన్నియు దానిని పెంచును. థైరాయిడు మందగించినను అది పెరుగవచ్చును. జుట్టు రాలుటకు వాడు బయోటిన్ మాత్రలు పరీక్షాయంత్రమునే పొరబాటు పట్టించగలవు గనుక వాని సంగతి ముందే చెప్పవలెను. లండనులోనో మెల్‌బోర్న్‌లోనో నున్న కుమార్తె పంపిన ఏ.ఎమ్.హెచ్. నివేదికను ఇచ్చటి బంధువుల నివేదికతో పోల్చువారు కొలమానమును గూడ చూడవలెను: మనదేశమున మామూలుగా నానోగ్రాములలో, అచ్చట పికోమోలులలో వ్రాయుదురు; ఇచ్చటి 1 అచ్చటి 7తో ఇంచుమించు సమానము.

పరీక్షలన్నియు భార్యకే చేయించి, భర్తను బయట బెంచీమీద కూర్చుండబెట్టు ఆచారము ఇంకను పోలేదు. వీర్యపరీక్షకు ఖర్చు స్వల్పము, నొప్పి లేదు. అది మొదటనే జరుగవలసినది. అందు కణములు తక్కువగా కనబడినప్పుడు పురుషునకును పీయూష గ్రంథి హార్మోనులగు ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్., ఉదయవేళ టెస్టోస్టిరోను చూతురు. వ్యాయామశాలలో కండలు పెంచుటకై టెస్టోస్టిరోను సూదులు పొడిపించుకొను యువకుని నివేదిక విచిత్రముగా నుండును: టెస్టోస్టిరోను పుష్కలముగాను, పీయూష గ్రంథి హార్మోనులు రెండును దాదాపు శూన్యముగాను, వీర్యమున కణములు లేకయు కానవచ్చును. బయటినుండి సరఫరా యుండుటచే గ్రంథి తన ఆజ్ఞలను మానుకొనును, వృషణము పని మానుకొనును. సూదులు ఆపిన పిమ్మట కణములు మరల పుట్టుటకు కొన్ని నెలలు, ఒక్కొక్కరికి సంవత్సరమునకు మించియు పట్టును.